సాంబా సర్వర్‌లో ‘పైడితల్లి’ ఫోల్డర్లు రెండు: పాచ్ రాశాను, పంపమంటారా?

గంటస్తంభం_స్టూడియో
మా స్టూడియో ఫైల్ సర్వర్ ఉబుంటు మీద సాంబా (లినక్స్ ఫోల్డర్లని విండోస్, మ్యాక్‌లకి పంచే సాఫ్ట్‌వేర్). ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు విండోస్ మీద, కలర్ చూసేవాడు మ్యాక్ మీద. సిరిమానోత్సవం ఫొటోలన్నీ ‘పైడితల్లి’ అనే ఫోల్డర్లో ఏ ఏడాదివి ఆ ఏడాది పెడతాం. ఈమధ్య పాత ఐమ్యాక్ తీసేస్తూ అందులో సరుకంతా ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో సర్వర్‌కి ఎక్కించాం. అప్పట్నుంచి ఒకే చోట ‘పైడితల్లి’ అని రెండు ఫోల్డర్లు. అక్షరం తేడా లేదు, వెనక స్పేస్ లేదు, చుక్క లేదు. డబుల్ క్లిక్ చేస్తే రెండూ తెరుచుకుంటాయి. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ మాత్రం పాత ప్రాజెక్టు తెరిస్తే సగం ఫొటోలు కనపడలేదంటుంది. ‘రైల్వే కాలనీ పెళ్లి’దీ అదే గతి. ‘వెంకటలక్ష్మి ఓణీల ఫంక్షన్’ మాత్రం ఒక్కటే ఉంది, దానికేం కాలేదు.

సాంబా సోర్సు దించుకుని చూశాను. పేర్లని యూటీఎఫ్-16 నుంచి యూటీఎఫ్-8లోకి మార్చే చోట నార్మలైజేషన్ (రెండు రకాలుగా రాయగలిగే అక్షరాన్ని ఒకే రూపానికి తేవడం) ఏమీ లేదు. క్లయింటు ఏ పేరు పంపినా ఎన్ఎఫ్‌సీ అనే కలిపిన రూపంలోకి మార్చేలా పాచ్ (కోడ్‌కి మార్పు) రాశాను. పనిలో పని, ఆ ఫైల్లో పాతకాలం డీబగ్ లైన్లు (లాగ్‌లో సమాచారం రాసేవి), అడ్డదిడ్డంగా ఉన్న ఇండెంటు కూడా సర్దేశాను. డిఫ్ (మార్చిన లైన్ల జాబితా) మొత్తం నాలుగొందల లైన్ల పైమాటే. పంపేముందు ఎవరైనా ఒక చూపు చూస్తారా?

జీడిపప్పు_కోడర్
అమ్మవారు ఒక్కరే, ఫోల్డర్లు రెండా! సిరిమాను ఏ ఫోల్డర్లో తిరుగుద్ది మరి?

రాజాం_రూట్
పాచ్ సంగతి తర్వాత. ముందు ఆ రెండు పేర్లనీ హెక్స్‌డంప్‌లో వేసి బైట్లు చూపించండి.

గంటస్తంభం_స్టూడియో
మొదటిదాంట్లో ‘ప’ తర్వాత ఇ0 బి1 88 ఉంది. రెండోదాంట్లో ఇ0 బి1 86, దాని వెంటనే ఇ0 బి1 96. పేరు మొత్తం ఒకటి 27 బైట్లు, ఇంకోటి 30.

రాజాం_రూట్
అదీ సంగతి. ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. యూ+0సి48 అనే ఒకే కోడ్, లేకపోతే ఎత్వం 0సి46 పెట్టి దాని కింద తగిలించే గుర్తు 0సి56. తెర మీద రెండూ ఒకటే. మొదటిది ఎన్ఎఫ్‌సీ రూపం, రెండోది ఎన్ఎఫ్‌డీ.

మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టే దాచేది. 2017లో హై సియెర్రాతో వచ్చిన ఏపీఎఫ్ఎస్ అలా విడగొట్టదు, ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుతుంది. మీ ఐమ్యాక్ పాతది కాబట్టి విడగొట్టిన పేర్లుండేవి, ఆర్‌సింక్ ఆ బైట్లనే మోసుకొచ్చింది. మీ సర్వర్ డిస్కు ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4కి పేరంటే బైట్ల వరుస. ఒక్క బైటు తేడా ఉన్నా వేరే ఫోల్డరే.

తెలుగులో ఇలా విడిపోయేది ఈ ఐత్వం ఒక్కటే. పైడితల్లి, రైల్వే రెండిట్లోనూ అది ఉంది. వెంకటలక్ష్మిలో లేదు, అందుకే బతికిపోయింది. కన్నడం, తమిళం, బెంగాలీ వాళ్లకి ఇలాంటివి ఇంకా ఎక్కువ.

ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ ఆప్షన్ ఉంది. మ్యాక్ వైపు యూటీఎఫ్-8-మ్యాక్, సర్వర్ వైపు యూటీఎఫ్-8 అని చెప్పి ఉంటే దార్లోనే సరిపోయేది.

టెక్కలి_టెర్మినల్
అయితే ఇంకేటి, కథ అయిపోనాది. సాంబా తప్పు లేదు, పాచ్ అక్కర్లేదు. కన్వ్ఎంవీ అని ఒక ప్రోగ్రాం ఉంది. పేర్లన్నీ ఎన్ఎఫ్‌సీకి తిప్పీసి బేగి ఆల్బమ్ పని చూసుకోండి.

గంటస్తంభం_స్టూడియో
@టెక్కలి ఈసారికి తిప్పుతాను. రేపు ఇంకో మ్యాక్ డిస్కు వస్తేనో? కస్టమర్లు తెచ్చే హార్డ్ డిస్కుల్లో ఏముంటుందో నాకెలా తెలుస్తుంది? వాడుకునే మనిషికి రెండూ ఒకే పేరు. సర్వర్ అన్నాక ఆ మాత్రం చూసుకోవాలి కదా. పాచ్ పెట్టాక కొత్తగా వేసినవన్నీ ఒకే రకంగా పడుతున్నాయి కూడా.

రాజాం_రూట్
కొత్తవి సరే. ఇప్పుడు ఆ 30 బైట్ల ఫోల్డర్ మీద క్లిక్ చెయ్యండి. ఏది తెరుచుకుంటుంది?

గంటస్తంభం_స్టూడియో
27ది.

రాజాం_రూట్
లిస్టు అడిగితే సర్వర్ రెండు పేర్లూ ఉన్నదున్నట్టు చెప్తుంది. క్లిక్ చేస్తే విండోస్ 30 బైట్ల పేరునే అడుగుతుంది. మీ పాచ్ దార్లో పట్టుకుని దాన్ని 27 చేస్తుంది. జత ఉంటే వేరే ఫోల్డర్ తెరుచుకుంటుంది, జత లేకపోతే అసలు దొరకలేదంటుంది. కళ్లముందు కనిపిస్తూ తెరుచుకోని ఫైలన్నమాట. మీ దగ్గర మీరున్నారు, చూసుకుంటారు. ఏదో ఆఫీసులో ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లకి ఒక్క అప్‌గ్రేడ్‌తో ఇలా జరిగితే ఎవరికి చెప్పుకుంటారు? అదే ఫోల్డర్ని ఎన్ఎఫ్ఎస్ (సాంబా లేకుండా ఫోల్డర్లు పంచుకునే ఇంకో పద్ధతి) మీద వాడేవాళ్లకి సాంబా లోపల ఏం జరుగుతోందో తెలిసే దారి కూడా లేదు.

మా రాజాంనే చూడండి. 2022లో శ్రీకాకుళం ఫోల్డర్లోంచి విజయనగరం ఫోల్డర్లోకి మూవ్ చేసేశారు. ఉత్తరాలు ఇంకా పాత పాత్‌కే వస్తున్నాయి.

జీడిపప్పు_కోడర్
పాత పాత్ కొత్త చోటికి తీసుకెళ్లేలా సిమ్‌లింక్ పెట్టాల్సింది మాస్టారూ.

నాగావళి_ఒడ్డు
ఎన్ఎఫ్‌సీ చేసినా నా బాధ తీరదు. మా ఆఫీసు షేర్‌లో ‘సాఫ్ట్‌వేర్ బిల్లులు’ అని రెండు ఫైళ్లున్నాయి. రెండిట్లోనూ ఐత్వం లేదు.

రాజాం_రూట్
ఒకదాంట్లో ‘ట్’కీ ‘వే’కీ మధ్య, వత్తు పడకుండా ఆపే కనపడని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, యూ+200సి. అదీ మూడు బైట్లే. రెండోదాంట్లో కింద వత్తు పడి ఉండాలి, జాగ్రత్తగా చూడండి.

నాగావళి_ఒడ్డు
వత్తు పడలేదు. రెండూ విడివిడిగానే ఉన్నాయి.

పొందూరు_పోగు
అయితే ఒకదాంట్లో ఆ గుర్తు రెండుసార్లు పడి ఉంటుంది. కొన్ని కీబోర్డులు తమంతట తాము ఒకటి వేస్తాయి, అలవాటు కొద్దీ టైపు చేసేవాళ్లు ఇంకోటి కొడతారు.

నాగావళి_ఒడ్డు
పొందూరు గారూ, రెండే ఉన్నాయి! హెక్స్‌లో కనిపించింది. ఎన్ని ప్రింటర్లని తిట్టుకున్నానో దీని వల్ల.

గంటస్తంభం_స్టూడియో
అయితే పాచ్‌లో ఆ గుర్తుల్ని కూడా ఏరిపారేద్దాం.

పొందూరు_పోగు
ఏరితే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది, మీరు రాసిన పేరు మీకే వేరేగా కనిపిస్తుంది. రెండుంటే ఒకటి చెయ్యాలా, ఒకటుంటే ఉంచాలా, చివర్లో ఉంటే తియ్యాలా అని తెలుగుకో రూలు, పర్షియన్‌కో రూలు పెట్టుకుంటూ పోవాలి. అక్షరమాల మార్చే కోడ్‌లో పెట్టాల్సిన తెలివి కాదది.

మీకు నిజంగా కావాలంటే చోటు వేరే ఉంది. సాంబాలో వీఎఫ్ఎస్ అని ఒక పొర ఉంది. ఫైల్ తెరవడం, పేరు మార్చడం, లిస్టు చదవడం, అన్నీ దాని మీదుగానే డిస్కుకి వెళ్తాయి. మధ్యలో మనం ఒక మాడ్యూల్ దూర్చొచ్చు. కేటియా అనే మాడ్యూల్ ఇలాంటి పనే చేస్తుంది, విండోస్ ఒప్పుకోని గుర్తుల్ని వేరే గుర్తులతో మార్చి చూపిస్తుంది. దాన్ని చదివి, ఎగ్జాంపుల్స్ కింద వీఎఫ్ఎస్ ఫోల్డర్లో ఉన్న స్కెల్ ట్రాన్స్‌పరెంట్ ఫైలుతో మొదలెట్టండి. సాంబా సెట్టింగుల ఫైల్లో ఆ షేర్ సెక్షన్లో వీఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్ లైను రాసుకున్నవాళ్లకే పనిచేస్తుంది, మిగతా ప్రపంచానికి ఏమీ మారదు. కాకపోతే ఫైల్ తెరిచే ఓపెన్‌ఎట్ ఒక్కటే రాసి ఊరుకుంటే లాభం లేదు. రినేమ్‌ఎట్, అన్‌లింక్‌ఎట్, ఎమ్‌కేడిర్‌ఎట్, రీడ్‌డిర్, అన్నిట్లోనూ పేరు ఒకేలా తిరగాలి. ఒక్కటి మర్చిపోతే డిలీట్ చేసిన ఫైలు లేచి కూర్చుంటుంది.

బొబ్బిలి_బైట్
కోడ్ రాయకుండా ఇంకో దారి. ఈఎక్స్‌టీ4లో కేస్‌ఫోల్డ్ ఫీచర్ ఉంది. అది ఆన్ చేసిన డైరెక్టరీలో ఇంగ్లీషు చిన్నబడి, పెద్దబడి అక్షరాలు (a, A) ఒకటిగా చూడ్డమే కాదు, విడగొట్టిన ఐత్వం, కలిపిన ఐత్వం కూడా ఒకటిగానే చూస్తుంది. రెండో ‘పైడితల్లి’ని పుట్టనివ్వదు. ఫైల్‌సిస్టమ్‌కి ముందే ఆ ఫీచర్ ఉండాలి, ఖాళీ డైరెక్టరీ మీదే ఛాటర్ ప్లస్ ఎఫ్ కొట్టాలి. కొత్త డిస్కు వేసుకునేటప్పుడు చూసుకోవచ్చు.

గంటస్తంభం_స్టూడియో
@బొబ్బిలి ఇది తెలీదు. కొత్త డిస్కు ఎలాగూ కొనాలి.

సరే, నార్మలైజేషన్ పక్కన పెడతాను. కానీ క్లీనప్ చేశాను కదా, అదైనా పంపొచ్చా?

టెక్కలి_టెర్మినల్
ఎందుకు బావూ? నడుస్తున్న కోడ్‌ని కదపడం ఎందుకు? డీబగ్ అని రాస్తే ఏటి, డీబీజీ డీబగ్ అని రాస్తే ఏటి, సర్వర్ ఏటైనా స్పీడుగా నడిచీస్తాదా? పేరు పడాలని కుర్రగుంటలు ఇలగే స్పేసులు సర్ది పంపుతారు. చూసీవాడి టైము దండగ.

పొందూరు_పోగు
@టెక్కలి ఒప్పుకోను. పాత తీరు డీబగ్ లైన్లో లెవెల్‌కి ఒక అంకె, చాలాచోట్ల ఫంక్షన్ పేరు చేత్తో టైపు చేసినది. ఫంక్షన్ పేరు మార్చినవాళ్లు ఆ స్ట్రింగ్ మార్చరు. లాగ్‌లో ఒక పేరు, కోడ్‌లో ఇంకో పేరు. అర్ధరాత్రి లాగ్ చదివేవాడికి ఆ బాధ తెలుస్తుంది. కొత్త మాక్రోలు ఫంక్షన్ పేరు తామే వేసుకుంటాయి. డీబీజీ ఎర్ర్ అంటే లెవెల్ 0, వార్నింగ్ 1, నోటీస్ 3, ఇన్ఫో 5, డీబగ్ 10. ప్రాజెక్టు వాళ్లే రీడ్‌మీ డాట్ కోడింగ్ అనే ఫైల్లో ఇవే వాడమని రాసుకున్నారు.

@గంటస్తంభం మీ డిఫ్ మొత్తం చదివాను. పని చేసే లైన్లు కొద్దే, మిగతాదంతా ట్యాబులు, బ్రేసులు. ఆ బ్రేసుల మధ్య ఒకటి దాక్కుంది. రెండో హంక్ (మార్పుల ముక్క) చూడండి. టాలాక్ స్టాక్‌ఫ్రేమ్ (తాత్కాలిక మెమరీ) తెరిచాక ఇఫ్‌లు సర్దుతూ ముందే రిటర్న్ పెట్టారు, ఫ్రేమ్ ఫ్రీ అవ్వట్లేదు. నాలుగొందల లైన్లలో అది నా కంటపడ్డం అదృష్టమే. ఫిక్సూ క్లీనప్పూ ఒకే కమిట్లో (ఒక విడతగా చేర్చే మార్పులో) పెట్టొద్దనేది ఇందుకే.

రాజాం_రూట్
ఇంకో కారణం కూడా ఉంది. సాంబాకి ఆర్నెల్లకోసారి కొత్త సిరీస్ వస్తుంది. ఏ సమయంలో చూసినా మూడు సిరీస్‌లు బతికుంటాయి. ఒకటి తాజాది, ఒకటి బగ్ ఫిక్సులు అందుకునేది, ఒకటి సెక్యూరిటీ ఫిక్సులకి మాత్రమే. ఫిక్స్ ముందు మాస్టర్ అనే ప్రధాన బ్రాంచ్‌లోకి వెళ్లి, అక్కడ్నుంచి చెర్రీ-పిక్ అయి, అంటే అదొక్కటే ఏరి తీసుకోబడి, పాత సిరీస్‌కి దిగుతుంది. క్లీనప్ మాస్టర్‌లోనే ఆగిపోతుంది. రెండూ కలిపేస్తే పాత బ్రాంచ్‌లో కాన్‌ఫ్లిక్టులు తప్ప ఏమీ రావు. మన ఉబుంటులో ఉండేది ఆ పాత సిరీసే కదా.

టెక్కలి_టెర్మినల్
అదే నేనూ చెప్తన్నాను. క్లీనప్ వల్లే కదా ఈ గొడవంతా.

రాజాం_రూట్
క్లీనప్ వల్ల కాదు, కలపడం వల్ల.

బొబ్బిలి_బైట్
2017 మే గుర్తుందా, వాన్నాక్రై వైరస్ వచ్చిన నెల? అదే నెల్లో సాంబాలో సీవీఈ-2017-7494 అనే భద్రతా లోపం బయటపడింది. జనం సాంబాక్రై అన్నారు. రాయగలిగే షేర్ ఉంటే చాలు, ఒక లైబ్రరీ ఫైల్ పడేసి, పైప్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) పేరు అడిగే చోట దాని పూర్తి పాత్ ఇస్తే సర్వరే దాన్ని ఎత్తుకుని నడిపేది. 3.5.0 నుంచీ ఉంది, అంటే 2010 నుంచి. ఫిక్స్ ఏంటంటే పైప్ పేరులో స్లాష్ ఉంటే కాదనడం, అంతే. ఏడేళ్లు ఎవరి కంటా పడలేదు. ఆ ఫైల్‌ని ఎవరైనా కూర్చుని సర్ది ఉంటే కనపడేదేమో.

టెక్కలి_టెర్మినల్
సర్దితే కనపడదు, చదివితే కనపడతాది. స్పేసులు సర్దీవాడు చదవడు. ఆ ఫిక్స్‌తో పాటు నాలుగొందల లైన్లు సర్ది ఉంటే, ఆ రోజు అంత బేగి అందరూ నమ్మి వేసుకునీవోరా?

పొందూరు_పోగు
ఈ చివరి మాటకి మాత్రం నా ఓటు.

ఏడురోడ్ల_జిరాక్స్
మధ్యలో నాదొకటి. సర్వర్‌కి కొత్త ఉబుంటు వేశాక మా పెద్ద జిరాక్స్ మిషన్ స్కాన్ చేసినవి షేర్‌లోకి పంపట్లేదు. లాగిన్ ఫెయిల్ అంటుంది. పాస్‌వర్డ్ కరెక్టే.

రాజాం_రూట్
మిషన్ పాతదైతే దానికి ఎస్ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పాత ప్రోటోకాల్) తప్ప రాదు. సాంబా 4.11 నుంచి, అంటే 2019 నుంచి, అది డిఫాల్ట్‌గా ఆపేశారు. సర్వర్ మిన్ ప్రోటోకాల్ ఎన్‌టీ1 అని పెడితే పనిచేస్తుంది గానీ ఆ సెట్టింగ్ మొత్తం సర్వర్‌కి వర్తిస్తుంది, ఒక్క షేర్‌కి కాదు. మిషన్‌లో ఎఫ్‌టీపీ ఉంటే స్కాన్లు దాని మీద పంపించుకోండి, సర్వర్‌ని అలాగే ఉంచండి.

జీడిపప్పు_కోడర్
స్కాన్ చేసి పెన్ డ్రైవ్‌లో వేసి సైకిల్ మీద పంపండి. ఏడు రోడ్లున్నాయి కదా, ఏదో ఒకటి ఖాళీగా ఉంటాది.

నాగావళి_ఒడ్డు
నాకు ఇంకో అనుమానం. పొడుగు తెలుగు పేర్లు పెడితే సేవ్ అవ్వదు. అదే ఫైలు విండోస్ డెస్క్‌టాప్ మీద సేవ్ అవుతుంది. ఇదైనా బగ్గేనా?

రాజాం_రూట్
ఇదీ కాదు, సారీ. విండోస్ 255 యూనిట్లు లెక్కపెడుతుంది, తెలుగు కోడ్ ఒక్కోటి ఒక్క యూనిట్. ఈఎక్స్‌టీ4 255 బైట్లు లెక్కపెడుతుంది, తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. అంటే 85 కోడ్‌లకి కథ కంచికి. గుణింతం, వత్తు, సున్న అన్నీ విడివిడి కోడ్‌లే.

బొబ్బిలి_బైట్
లెక్కేశాను. శ్రీకాకుళం కంటికి నాలుగే అక్షరాలు, 30 బైట్లు. విజయనగరం ఆరు అక్షరాలు, 24 బైట్లే.

జీడిపప్పు_కోడర్
చూశారా, బరువంతా మా జిల్లాదే.

నాగావళి_ఒడ్డు
మా క్లర్కు గారు ఫైల్ పేరులోనే ఉత్తరం మొత్తం రాసేస్తారు. ఆయనకి 85 చెప్పడం ఎవరి తరం.

ఎమ్మార్_కాలేజీ_కుర్రాడు
అన్నలూ అక్కలూ, నాకు సీ కొంచెం వచ్చు. ఈ ప్రాజెక్టులో ఏదైనా చెయ్యాలనుంది. టెక్కలి అన్న అన్నట్టు స్పేసులు సర్దే గుంటడిని అవ్వకుండా ఎక్కడ మొదలెట్టాలి?

టెక్కలి_టెర్మినల్
తమ్ముడూ ఆ మాట నిన్ననలేదు. టెస్టులు రాయి. టెస్టు రాసినోడిని ఎవులూ తిట్టరు.

పొందూరు_పోగు
టెక్కలి చెప్పింది నిజం. అక్కడ నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. బగ్ దొరికితే ముందు ఆ బగ్‌ని చూపించే టెస్టు ఒక కమిట్. అది ఫెయిల్ అవుతుంది కాబట్టి సెల్ఫ్‌టెస్ట్ కింద నోన్‌ఫెయిల్ లిస్టులో దాని పేరు రాస్తారు. తర్వాతి కమిట్లో ఫిక్స్, అందులోనే ఆ పేరు లిస్టులోంచి తీసేస్తారు. చదివేవాడికి ఏది విరిగిందో, ఏది దాన్ని అతికిందో వరుసగా కనిపిస్తుంది. క్లీనప్ కావాలంటే వీటికి ముందో వెనకో విడి కమిట్. బిల్డ్ సామాన్లకి బూట్‌స్ట్రాప్ ఫోల్డర్లో నీ ఉబుంటు పేరుతో స్క్రిప్టు ఉంటుంది, అది నడుపు. ఆ తర్వాత కాన్ఫిగర్ డాట్ డెవలపర్. గంటస్తంభం గారి స్టాక్‌ఫ్రేమ్ లాంటివి డెవలపర్ బిల్డ్‌లో ప్యానిక్ అయి అక్కడికక్కడే దొరుకుతాయి.

రాజాం_రూట్
ప్రతి కమిట్‌కీ కింద సైన్డ్ ఆఫ్ బై లైనుండాలి. ఫిక్స్ అయితే బగ్జిల్లా (బగ్‌ల రిజిస్టరు) నంబరు కూడా. గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్ పెడితే సీఐ (టెస్టుల్ని తనే నడిపేది) నడుస్తుంది, సాంబా టీమ్‌లో ఇద్దరు చూసి ఒప్పుకున్నాకే లోపలికి వెళ్తుంది. ఇద్దరి సమయం తింటున్నామని గుర్తుంటే డిఫ్ దానంతటదే చిన్నదవుతుంది.

సీ భయమైతే డాక్స్ ఎక్స్‌ఎంఎల్ ఫోల్డర్ చూడు బాబూ. ఎస్ఎంబీ కాన్ఫ్ ఆప్షన్లకి ఒక్కోదానికీ ఒక్కో ఫైలు. చదివి అర్థం కాని చోట అడుగు. అడిగిందే తర్వాత పాచ్ అవుతుంది.

బొబ్బిలి_బైట్
కోడ్ కన్నా ముందు మన కాన్ఫ్ ఫైళ్లు సర్దుకోవాలి. సాకెట్ ఆప్షన్స్‌లో ఆర్‌సీవీబఫ్ 8192 అని తాతలనాటి లైను ఎంతమంది దగ్గరుందో చెయ్యెత్తండి. లినక్స్ తనే బఫర్ సైజు చూసుకుంటుంటే ఆ లైను దాని చేతులు కట్టేస్తుంది.

ఏడురోడ్ల_జిరాక్స్
✋

నాగావళి_ఒడ్డు
✋ ముందున్నాయన పెట్టింది, నాకు సంబంధం లేదు.

బొబ్బిలి_బైట్
టెస్ట్‌పార్మ్ మైనస్ ఎస్ కొట్టండి. డిఫాల్ట్ కానివి మాత్రమే చూపిస్తుంది. అందులో ప్రతి లైనుకీ ‘ఇది ఎందుకుంది’ అంటే జవాబు రావాలి, రాకపోతే తీసి చూడండి. తెలుగు పేర్లతో వేల ఫైళ్లు ఒకే ఫోల్డర్లో ఉన్నవాళ్లకి ఇంకోటి. కొత్త ఫైల్ వేసే ప్రతిసారీ ఆ పేరు పెద్దబడిలోనో చిన్నబడిలోనో ఉందేమోనని సాంబా ఫోల్డర్ మొత్తం వెతుకుతుంది. తెలుగుకి ఆ బడులే లేవు, వెతుకులాట ఊరికే. ఆ షేర్‌కి కేస్ సెన్సిటివ్ ఎస్ అని పెట్టుకోవచ్చు, ఇంగ్లీషు పేర్లు కలిసి లేకపోతేనే సుమా.

గంటస్తంభం_స్టూడియో
కన్వ్ఎంవీ ఉత్తుత్తిగా నడిపాను, నోటెస్ట్ ఇవ్వకపోతే అది ఏమీ మార్చదు, లిస్టు మాత్రమే చూపిస్తుంది. ఐత్వం ఉన్న ఫోల్డర్లు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. వైశాలి, మైథిలి, కైలాష్ అన్ని పెళ్లిళ్లూ అందులోనే. జత ఉన్న చోట ఆ పేరుతో ఇంకోటుందని ఆగిపోతోంది. అవి చేత్తోనే కలపాలి.

డిఫ్‌ని గిట్ యాడ్ మైనస్ పీతో ముక్కలు చేశాను. నార్మలైజేషన్ పక్క బ్రాంచ్‌లోకి. డీబగ్ మాక్రోలది ఒక కమిట్, ఇండెంటుది పూర్తిగా తీసేశాను.

పొందూరు_పోగు
మాక్రోల కమిట్లో లెవెల్ అంకెలు సరిచూశారా? పాతది 2 అని ఉంటే కొత్తవాటిలో దానికి సరిగ్గా జోడీ లేదు. ఏది ఎంచుకున్నారో, ఎందుకో కమిట్ మెసేజ్‌లో రాయండి.

గంటస్తంభం_స్టూడియో
రెండు చోట్ల 2 ఉంది. రెండూ నోటీస్ చేశాను. కారణం రాస్తాను.

టెక్కలి_టెర్మినల్
రెండోది ఫైల్ తెరవలేకపోయినప్పుడు వచ్చీది కదా? దాన్ని వార్నింగ్ చెయ్యండి. నోటీస్ అయితే లాగ్ లెవెల్ 3కి పెంచితే గానీ కనపడదు, మళ్లీ ఇక్కడికొచ్చి అడుగుతారు.

జీడిపప్పు_కోడర్
స్పేసులు సర్దొద్దన్న మనిషి లెవెల్ చెప్తన్నాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను.

టెక్కలి_టెర్మినల్
లెవెల్ మారితే పని మారతాది. స్పేస్ మారితే మారదు. తీసుకో ఇంకో స్క్రీన్‌షాట్.

ఏడురోడ్ల_జిరాక్స్
మిషన్ మెనూలో ఎఫ్‌టీపీ ఉంది. పోర్ట్ దగ్గర ఏం కొట్టాలి?

రాజాం_రూట్
21. సర్వర్‌లో స్కాన్లకి విడిగా ఒక యూజర్ని పెట్టండి, మీ సొంత పాస్‌వర్డ్ మిషన్‌లో దాచొద్దు.